కోళ్ల ఫారంలో మేక పొట్ట

చేవెళ్లలో ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు నిలబడే వాళ్లందరికీ ఏదో ఒక కోరిక ఉంటుంది. ఒకరికి తొడ ముక్క కావాలి, ఒకరికి కార్జం కావాలి, ఇంకొకరికి తలకాయ. ఆ రోజు నా వంతు వచ్చినప్పుడు నేను మేక పొట్టలో ఉన్న గడ్డి కావాలన్నాను.

కొట్టాయన కత్తి ఆపి నన్ను చూశాడు. బోటి అడుగుతున్నాననుకున్నాడు. బోటి కాదని, బోటి కడిగేటప్పుడు పారబోసే పచ్చటి ముద్ద, దాని నీళ్లు కావాలని, అదీ వేడి తగ్గకముందే కావాలని చెప్పాను. నా చేతిలో పెళ్లిళ్లలో చాయ్ పోసే పెద్ద స్టీలు ఫ్లాస్కు ఉంది. వెనక నిలబడ్డవాళ్లు కాస్త దూరం జరిగారు. ఆయన ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"ఎవరికన్న మందు పెడుతున్నవా బిడ్డా?"

"లేదన్నా, సదువుకు."

ఆయన మొహం తేటపడింది. "సదువుకా, గట్ల చెప్పు మరి. సదువుకు ఏం జేసినా తప్పులేదు," అని ఫ్లాస్కు మెడ దాకా నింపి ఇచ్చాడు. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా, అక్కడున్నవాళ్లు నోరు తెరవకముందే తనే, ఈ పిల్ల డాక్టర్ చదువుతోందని జవాబు చెప్పేసేవాడు. నేను డాక్టర్ చదవడం లేదు. సూక్ష్మజీవుల మీద చదువు ఎప్పుడో ముగించుకుని మొయినాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. కానీ ఆ మాట పుణ్యమా అని నన్ను వరసలో ముందుకు పిలుస్తున్నాడు కాబట్టి సరిదిద్దే ప్రయత్నం చేయలేదు.

కంపెనీ అన్నది కాస్త పెద్ద మాటే. అందులో ఉన్నది సార్, నేను. సార్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైర్ అయిన మనిషి. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. ఆయన ఆలోచన వినడానికి చాలా సులువుగా ఉండేది. మేక చొప్ప తింటుంది కానీ చొప్పను అరిగించుకునే శక్తి మేకకు లేదు. దాని పెద్ద పొట్టలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. అవి చొప్పను పులియబెట్టి రకరకాల ఆమ్లాలు చేస్తాయి. మేక బతికేది ఎక్కువగా ఆ ఆమ్లాల మీదే. అవే ఆమ్లాలను మనుషులు రంగుల్లో, మందుల్లో, సెంట్లలో వాడతారు. వాటిని చాలావరకు పెట్రోలియం నుంచి తీస్తారు. ఇక్కడేమో పంట కోశాక చొప్ప చేలల్లో పడి ఉంటుంది, కొందరు తగలబెడతారు. అందుకని మేకను పక్కన పెట్టి, ఆ పొట్టలోని కాపురాన్ని మాత్రం డ్రమ్ముల్లోకి తెచ్చి, చొప్ప మేపి, ఆమ్లాలు మనమే తీసుకుందామన్నది సార్ పట్టుదల.

ఆ సూక్ష్మజీవులకు రెండు పట్టింపులు ఉండేవి. ఒంటివేడి తగ్గకూడదు, గాలి తగలకూడదు. అందుకే ఫ్లాస్కు. ముందు వేడినీళ్లతో కడిగి, మేక పొట్టలోంచి వచ్చినది వచ్చినట్టే నింపి, మూత బిగించి, చేవెళ్ల చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కేదాన్ని.

ఒకసారి ఆటోలో నా పక్కన కూర్చున్న పెద్దామె దవాఖానకు పోతోంది. చేతి సంచిలోంచి గోలీ తీసి, నా ఒళ్లో ఫ్లాస్కును చూసి, జర చాయ్ పోయమంది. ఇది చాయ్ కాదన్నాను. మరేందని అడిగింది. అబద్ధం చెప్పడానికి ఏమీ తోచక, మేక పొట్టలో నీళ్లని ఉన్నమాట చెప్పేశాను. ఆమె నన్ను పైనుంచి కింద దాకా చూసి, అవతలి పక్క కూర్చున్నామె వైపు తిరిగింది.

"ఇయ్యనంటే ఇయ్యనని చెప్పాలె. గిసొంటి మాటలెందుకు?"

మూత తీసి చూపిస్తే ఆమె నమ్మేది. కానీ గాలి తగిలితే లోపలున్నవి చచ్చిపోతాయి. అందుకని మొయినాబాద్ దాకా పిసినారి మనిషిలాగే కూర్చున్నాను. దిగేటప్పుడు కూడా ఆటోలో ఎవరూ నాకు దారి ఇవ్వలేదు.

మా డ్రమ్ములు ఉన్నది మొయినాబాద్ దాటాక లోపలికి వెళ్లే మట్టిరోడ్డు మీద, పాత కోళ్ల ఫారంలో. యజమాని ఒకప్పుడు సర్పంచ్‌గా చేశాడు. పదవి పోయి చాలా కాలమైనా అందరూ సర్పంచ్ సాబ్ అనే పిలుస్తారు. కోళ్లలో నష్టం వచ్చాక ఫారం మూసేసి, అదే పొలంలో రోడ్డు వైపు పెళ్లిళ్ల గార్డెన్ కట్టాడు. వెనక మిగిలిన షెడ్డును మాకు కిరాయికి ఇచ్చాడు. సార్ మాట్లాడటానికి వెళ్లిన రోజు, ఏం చేస్తారని అడిగితే పరిశోధన అన్నారట. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. వచ్చిన ప్రతి చుట్టానికీ, ప్రతి నాయకుడికీ, మా జాగలో సైంటిస్టులు ఉన్నారని చెప్పుకునేవాడు. ఏం కనిపెడుతున్నారో మాత్రం అడిగేవాడు కాదు. అడిగితే ఆ గొప్ప తగ్గుతుందేమోనని నా అనుమానం.

మక్క చొప్ప, గింజలు ఒలిచాక మిగిలే బెండ్లు తెచ్చి పొడి చేసేవాళ్లం. మొదట్లో సూక్ష్మజీవులకు ఊపు రావడానికి కాస్త బెల్లం కలిపేవాళ్లం. కొన్ని వారాలు అవి సరిగ్గా కుదురుకోలేదు. ఒకసారి కరెంటు పోయి చల్లబడి చచ్చాయి, ఇంకోసారి ఎక్కడో సందులోంచి గాలి దూరి చచ్చాయి. ప్రతిసారీ నేను మళ్లీ ఫ్లాస్కు పట్టుకుని మటన్ కొట్టుకు వెళ్లడమే. చివరికి ఒక రోజు పొద్దున షెడ్డు తలుపు తీయగానే, లోపలి నుంచి వచ్చిన వాసనకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సార్ వెనకే వచ్చి, గట్టిగా పీల్చి, పండగ భోజనం ముందు కూర్చున్నట్టు నవ్వారు.

"బ్యూటిరిక్ వచ్చిందమ్మా!"

బ్యూటిరిక్ ఆమ్లం వాసన ఎట్లా ఉంటుందో తెలియని వాళ్లకు చెప్పడం కష్టమేమీ కాదు. వెన్న మురిగిపోతే ఒక వాసన వస్తుంది. పసిపిల్ల పాలు కక్కి, ఆ గుడ్డ రెండు రోజులు మూలన పడి ఉంటే ఇంకో వాసన వస్తుంది. ఆ రెండింటినీ కలిపి ఎండలో పెడితే మా కంపెనీ. అది బట్టలకు పట్టేది, జుట్టుకు పట్టేది, గోళ్ల సందుల్లో కూర్చునేది. సబ్బు దాని ముందు చేతులెత్తేసేది.

ఇంట్లో అమ్మ మొదట ఎలుక చచ్చిందనుకుని బియ్యం డ్రమ్ములు, బీరువా అన్నీ జరిపించింది. ఎలుక దొరకలేదు, నేను దొరికాను. ఆ రోజు నుంచి నేను పెరట్లో స్నానం చేసి, అక్కడే బట్టలు మార్చుకుని లోపలికి రావాలని చట్టం పెట్టింది. చర్చిలో మా ఇంటివాళ్లు తరతరాలుగా ముందు చాప మీద కూర్చుంటారు. అమ్మ నన్ను తలుపు దగ్గరికి పంపింది. అక్కడ ఫ్యాను ఉందని, అది నా మీదుగా తిరిగి ప్రసంగం చెప్పే అయ్యగారి వైపు గాలి కొడుతుందని ఆమె గమనించలేదు. ఆ ఆదివారం ప్రసంగం ఎన్నడూ లేనంత త్వరగా ముగిసింది. బయటికి వచ్చాక ఇద్దరు ముగ్గురు పిల్లలు, అక్కా వచ్చే వారం కూడా అక్కడే కూర్చోమని నన్ను బతిమాలారు.

బస్సులో మాత్రం నాకు వచ్చిన లోటు లేదు. ఆడవాళ్లకు టికెట్ లేకుండా అయ్యాక సాయంత్రం బీజాపూర్ రోడ్డు బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. నేను ఎక్కితే కాసేపటికి నా చుట్టూ ఖాళీ ఏర్పడేది. ఇంకాసేపటికి పక్క సీటు వాళ్లు లేచి కిటికీ వైపు పోయేవాళ్లు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. తర్వాత కిటికీ పక్కన కూర్చుని కునుకు తీయడం నేర్చుకున్నాను.

ఇట్లాంటి వాసన వచ్చే చోట ఏం జరుగుతోందని ఊరు ఊహించుకోకుండా ఉండదు కదా. డ్రమ్ములు వస్తున్నాయి, బెల్లం వస్తోంది, ఏదో పులుస్తోంది, తలుపులు ఎప్పుడూ మూసే ఉంటున్నాయి. ఎవరు చెప్పారో మాకు ఈనాటికీ తెలియదు. ఒక రోజు పదకొండు గంటల వేళ ఎక్సైజ్ జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. అదే రోజు గార్డెన్‌లో సర్పంచ్ సాబ్ మనవరాలి ఓణీల ఫంక్షన్. నన్నూ పిలిచారు. నేను పొద్దున్నే పని ముగించుకుని, పట్టుచీర సంచిలో పెట్టుకుని వచ్చాను. సార్ హైదరాబాద్‌లో ఏదో పని మీద ఉన్నారు.

జీపులోంచి ఎస్సై దిగాడు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. ఎస్సై మర్యాదస్తుడు. చెప్పులు బయట విడవాలా అని కూడా అడిగాడు. గుడుంబా కాస్తున్నారని ఫిర్యాదు వచ్చిందని, చూసి పోతానని అన్నాడు. నేను సంతోషంగా అన్నీ చూపించాను. చొప్ప పొడి చూపించాను, వేడి తగ్గకుండా చూసే యంత్రం చూపించాను, బుడగలు వచ్చే సీసాలు చూపించాను. మేక పొట్ట గురించి, సూక్ష్మజీవుల గురించి మొదలు నుంచి చెప్పాను. ఎంత వివరంగా చెబితే ఆయనకు అంత అనుమానం పెరిగింది. ఇంత పొడుగు కథ నిజం చెప్పేవాళ్లకు అవసరం లేదని ఆయన అనుభవం కావచ్చు.

డ్రమ్ములను ఒక్కొక్కటీ తట్టి చూస్తూ వచ్చి, చివర ఉన్న నీలం డ్రమ్ము దగ్గర ఆగాడు. అది పులిసిన నీళ్లలోంచి ఆమ్లాన్ని వేరు చేయడానికి పెట్టిన డ్రమ్ము. మిగతావాటి వాసన అంతా ఒక ఎత్తు, దానిది ఒక ఎత్తు. అది మాత్రం తెరవొద్దని బతిమాలాను. ఆయన మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

"ఏ డ్రమ్ము తెరవొద్దంటరో మేం గదే తెరుస్తం మేడం."

కనీసం మొహం దూరంగా పెట్టమన్నాను. గుడుంబా ఏ సరుకుతో కాచారో వాసన చూసి చెప్పగలనని, తన ముక్కే తనకు మీటర్ అని చెప్పి, ఎస్సై బిగించిన చట్రం తనే విప్పి, మూత ఎత్తి, తల డ్రమ్ము మీదికి వంచి, నిండుగా ఊపిరి పీల్చాడు.

అట్లాగే నిలబడిపోయాడు. కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి. తర్వాత చాలా నెమ్మదిగా, చాలా జాగ్రత్తగా మూతను డ్రమ్ము మీద కాకుండా గాలిలో పెట్టి వదిలేశాడు. అది నేల మీద పడి దొర్లుతూ గోడ దాకా పోయింది. ఆయన నిటారుగా, ఉద్యోగానికి తగ్గట్టుగా నడుచుకుంటూ తలుపు దాకా వెళ్లి, అక్కడి నుంచి పరుగందుకున్నాడు. వేపచెట్టు మొదట్లో కాసేపు వంగి నిలబడ్డాడు. కానిస్టేబుళ్లు, "సార్, గుడుంబానేనా?" అని ఎస్సైని అడిగారు.

"గుడుంబా కాదు," అని మూతి తుడుచుకున్నాడు. "గుడుంబా అయినా బాగుండు."

నేను నీళ్లు, నిమ్మకాయ ఇచ్చాను. నిమ్మకాయను కోయకుండా అట్లాగే ముక్కుకు ఆనించుకుని కూర్చున్నాడు. పోయేటప్పుడు నా వైపు జాలిగా చూసి, మీ ఇంట్లో వాళ్లకు మీరు చేసే పని తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. తల ఊపి జీపెక్కాడు. కేసు లేదు, ఏమీ లేదు.

నవ్వుకుంటూ లోపలికి వచ్చి మూత పెట్టబోతే, దాని చుట్టూ ఉండాల్సిన రబ్బరు రింగు లేదు. మూత తీసినప్పుడు డ్రమ్ములో పడిపోయింది. కట్టెతో వెతికాను, అందలేదు. ప్లాస్టిక్ కవర్లు కప్పి, మూత పెట్టి, దాని మీద రాళ్లు పెట్టాను. అయినా అంచుల నుంచి వాసన పొంగుతూనే ఉంది. బయటికి వచ్చి చూస్తే వేపచెట్టు ఆకులు అన్నీ ఒకే వైపు ఊగుతున్నాయి. అటు వైపు గార్డెన్ ఉంది. ఆగకుండా పాటలు వినిపిస్తున్నాయి.

చీర కట్టుకుని ఫంక్షన్‌కు వెళ్లాను. వెళ్లకుండా షెడ్డులో దాక్కుంటే ఇంకా అనుమానం వస్తుందనిపించింది. నేను వెళ్లేసరికి భోజనాలు మొదలయ్యాయి. వాసన నాకంటే ముందే వచ్చి కూర్చుంది. మగవాళ్లు ఒక్కొక్కరే చెప్పుల అడుగులు తిప్పి చూసుకుంటున్నారు. చంటిపిల్లలున్న ఆడవాళ్లందరూ పిల్లలను తలకిందులుగా ఎత్తి వాసన చూస్తున్నారు. ఒక తల్లి బిడ్డకు అప్పటికే బట్టలన్నీ మార్చేసి, ఇంకా వాసన పోలేదని ఏడుపు మొహం పెట్టుకుంది. వంటాయన పెరుగు గిన్నె దగ్గర, పనీరు కూర దగ్గర, చివరికి మంచినీళ్ల డబ్బా దగ్గర కూడా ముక్కు పెట్టి చూస్తున్నాడు. ఓణీ కట్టుకున్న పిల్ల స్టేజీ మీద కూర్చుని, ముక్కు మూసుకోవడం కుదరక, ప్రతి ఫొటోలోనూ ఊపిరి బిగబట్టుకుంది. ఆ ఫొటోల్లో ఆమె మొహం ఎంతో గంభీరంగా వచ్చిందని తర్వాత చుట్టాలందరూ మెచ్చుకున్నారు.

సర్పంచ్ సాబ్‌కు అందరికంటే ముందు అర్థమైంది. మండలంలోని పెద్దలందరినీ పిలుచుకున్నాడు. వాళ్లలో తన పార్టీ వాళ్లున్నారు, తన పదవి పోవడానికి కారణమైన వాళ్లూ ఉన్నారు. ఆ రెండో రకం వాళ్లు ముక్కుకు రుమాళ్లు పెట్టుకుని, పైకి కనిపించకుండా నవ్వుతున్నారు. ఆయన నన్ను కళ్లతోనే పక్కకు పిలిచాడు.

"మీదేనా బిడ్డా?"

"మాదే సర్పంచ్ సాబ్."

"ఎవరికన్న చెప్పినవా?"

చెప్పలేదన్నాను. చెప్పొద్దని, ముందు నువ్వు పోయి అన్నం తినమని అన్నాడు. ఇంతకాలం సైంటిస్టులు, సైంటిస్టులు అని చెప్పుకున్నది ఇప్పుడు గొంతులో అడ్డం పడింది ఆయనకు. కాసేపు అటూ ఇటూ తిరిగి, తర్వాత భోజనాల బల్లల మధ్యలో నిలబడి, అందరికీ వినపడేలా, కాంపౌండ్ అవతల కొత్తగా కట్టిన ఇంకో గార్డెన్ వైపు చెయ్యి చూపించి, వాళ్లు సెప్టిక్ ట్యాంక్ తీపిస్తున్నట్టున్నారని, పక్కవాళ్ల ఇంట్లో శుభకార్యం ఉన్న రోజు ఎవరైనా గట్ల చేస్తారా అని బాధపడ్డాడు. ఆ గార్డెన్ యజమాని అక్కడ లేడు. వచ్చినవాళ్లందరూ వెంటనే నమ్మేశారు. నమ్మడమే కాదు, తమకూ ఆ గార్డెన్‌తో ఎదురైన అనుభవాలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. నవ్వుతున్నవాళ్లు కూడా రుమాళ్లు జేబులో పెట్టుకుని అయ్యో అన్నారు. నేను బగారన్నం తింటూ ఆయన తెలివికి మనసులో దండం పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన షెడ్డుకు వచ్చాడు. లోపలికి రాలేదు. సార్‌ను, నన్ను బయటికి పిలిచి, ఖాళీ చేయమన్నాడు. సార్ ఏదో చెప్పబోయారు. ఆయన వినిపించుకోలేదు.

"నిన్న సెప్టిక్ ట్యాంక్ అని చెప్పిన. రేపు ఏం చెప్పాలె సార్, మీరే చెప్పున్రి."

మేం ఎంతో బతిమాలాక, వచ్చే ముహూర్తాల దాకా గడువు ఇచ్చాడు. ఆయన వెళ్లిపోయాక సార్ ఖాళీ డ్రమ్ము మీద కూలబడ్డారు. ఆయన అట్లా కూర్చోవడం చూస్తే నాకు నిన్నటి నవ్వంతా ఆవిరైపోయింది. ఇన్ని వారాలు సాకి, చచ్చినప్పుడల్లా మళ్లీ తెచ్చి బతికించుకున్న డ్రమ్ములు అవి. కొత్త చోటికి తీసుకుపోతే మళ్లీ మొదటికొస్తుంది. అసలు మాకు చోటు ఇచ్చేదెవరు?

అప్పుడు నేనే కదిపాను. ఈ ఆమ్లం కంపు కొడుతుంది కానీ, దానికి స్పిరిట్ కలిపి, ఇంకో ఘాటైన ఆమ్లం కొన్ని చుక్కలు వేసి కాస్తే వేరే సరుకు అవుతుంది. ఎస్టర్ అంటారు. దాని వాసన వేరు. కాలేజీ ల్యాబులో అందరం చేసి చూసిందే. సార్ అన్నాళ్లూ అది వద్దని, ముందు ఆమ్లం పూర్తిగా శుద్ధం కావాలని పట్టుబట్టారు. ఇప్పుడు శుద్ధి చేసుకుంటూ కూర్చునే వ్యవధి లేదని, ఉన్నదానితోనే చేసి చూద్దామని అన్నాను. సార్ నా వైపు చూసి, చొక్కా చేతులు పైకి మడిచారు.

గాజు కుండీలో పోసి, ఆవిరి బయటికి పోకుండా పైన చల్లటి గొట్టం పెట్టి, మధ్యాహ్నం దాకా కాచాం. చల్లార్చి, వంటసోడా నీళ్లతో కడిగి, పైన తేలినదాన్ని వేరు చేశాం. నీళ్లంత తేటగా ఉంది. సార్ వాసన చూశారు. నేనూ చూశాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరికీ ఏమీ తెలియలేదు. ఇన్ని వారాలు ఆ కంపులో ఉండి మా ముక్కులకు ఇంకే వాసనా తెలియడం మానేసింది. యంత్రం మీద పరీక్ష చేయించాలంటే హైదరాబాద్ పంపాలి, వాళ్లు ఎప్పుడు చెబుతారో తెలియదు. మాకు కావలసింది ఒక మంచి ముక్కు.

చిన్న సీసాలో పోసుకుని సర్పంచ్ సాబ్ ఇంటికి వెళ్లాను. ఇల్లు గార్డెన్ పక్కనే. ఆయన లేడు, ఆయన భార్య వరండాలో చింతపండు గింజ తీస్తోంది. పెద్దమ్మ అంటాను ఆమెను. ముందు రోజు ఫంక్షన్ నుంచి నా మీద కోపంగా ఉంది. సీసా చూడగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గేటు బయట నిలబడి మాట్లాడమంది. గేటు బయట నుంచే బతిమాలాను. ఒక్కసారి చూడమని, వద్దనిపిస్తే మళ్లీ ఈ గడప తొక్కనని అన్నాను. చివరికి నా గొడవ పడలేక వచ్చి, చెయ్యి చాపి సీసా తీసుకుంది. మూత కాస్త తెరిచి, మొహం పక్కకు తిప్పుకుని, దూరం నుంచి ఒకసారి పీల్చింది. కనుబొమలు ముడిపడ్డాయి. కొంగు తీసేసింది. దగ్గరికి తెచ్చుకుని ఇంకోసారి పీల్చింది.

"గిది అనాసపండు కదనే!"

నాకు ఆ మాట ఎంత తీయగా వినిపించిందో చెప్పలేను. గేటు పట్టుకుని నిలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాను. ఆమె నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. అంతలో ఆయన వచ్చాడు. వరండా ఎక్కుతూనే, ఎవరు తెచ్చారు, ఎక్కడ కోశారు అంటూ బల్ల మీద, కింద, చాటలో పండు కోసం వెతికాడు. పెద్దమ్మ సీసా ఆయన ముక్కు కింద పెట్టింది. ఆయన పీల్చి, నన్ను చూసి, మళ్లీ పీల్చాడు.

"నిజం చెప్పు. అదేనా ఇది?"

"అదే సర్పంచ్ సాబ్. ఆ నీలం డ్రమ్ములోదే."

ఆయన కాసేపు పచార్లు చేశాడు. తర్వాత కూర్చుని, మేం ఉండొచ్చని, కానీ ముహూర్తాలున్న రోజుల్లో ఒక్క డ్రమ్ము మూత కూడా తీయకూడదని షరతు పెట్టాడు. పెద్దమ్మ ఆ సీసాలోది రెండు చుక్కలు కేసరిలో వేస్తానంది. అది తినే సరుకు కాదని, అది పుట్టిన చోటు గుర్తు చేసుకోమని చెప్పాక గబగబా మూత పెట్టేసింది.

ఆ షరతు వల్ల మా పరిశోధన పంచాంగం ప్రకారం నడిచింది. సార్ జీవితంలో ఎన్నడూ తిథి వార నక్షత్రాలు చూసిన మనిషి కాదు. ఇప్పుడు మంచి రోజులు ఎప్పుడున్నాయో చూసి, ఆ రోజుల్లో లెక్కలు రాసుకుని, మిగతా రోజుల్లో డ్రమ్ములు తెరిచేవారు. శుక్రమూఢం వచ్చిందంటే ఊళ్లో పెళ్లిళ్లు ఆగిపోయి అందరూ ఉసూరుమనేవాళ్లు. మా షెడ్డులో మాత్రం పండగ. అన్నిటికంటే కంపు కొట్టే పనులన్నీ మూఢానికి దాచుకునేవాళ్లం. ఆషాఢం వచ్చినప్పుడు సార్ కొత్త డ్రమ్ములు కొన్నారు.

సర్పంచ్ సాబ్ కూడా ఊరుకోలేదు. మా దగ్గర ఒక చిన్న సీసా అడిగి తీసుకుని, ఒక పెళ్లి రోజు దూదిలో ముంచి గార్డెన్ గేటు దగ్గర పూలదండల వెనక పెట్టించాడు. వచ్చినవాళ్లందరూ లోపల అడుగు పెట్టగానే గట్టిగా పీల్చి, అబ్బ అన్నారు. ఆయన ఛాతీ ఉప్పొంగింది. కానీ భోజనాల దగ్గర గొడవ మొదలైంది. అనాసపండు కేసరి మాదాకా రానీయకుండా ముందు పంక్తి వాళ్లకే పెట్టేశారని మగపెళ్లివారు అలిగారు. కేసరి అసలు చేయలేదని వంటాయన ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. వాసన వస్తుంటే లేదంటావేంది అని ఒక పెద్దమనిషి వంటశాలలోకి వెళ్లి గిన్నెలన్నీ తెరిపించాడు. ఆ తర్వాతి పెళ్లి నుంచి సర్పంచ్ సాబ్ తన వంటవాళ్లతో ప్రతిసారీ అనాసపండు కేసరి చేయించాల్సి వచ్చింది.

కొన్నాళ్లకు బాత్రూములు, నేలలు కడిగే లిక్విడ్ తయారుచేసే ఒకాయన నగరం నుంచి వచ్చి, మా సరుకు వాసన చూసి, క్యాన్లు నింపమన్నాడు. ఇది దేని నుంచి తీస్తారని అడిగితే సార్ మక్క చొప్ప నుంచి అన్నారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఆయన ఆకుపచ్చ అక్షరాలతో చొప్ప బొమ్మ వేయించి సీసాల మీద అంటించుకున్నాడు. మొదటి క్యాన్ వ్యానులో ఎక్కిస్తున్నప్పుడు సార్ దాని మీద చెయ్యి వేసి కాసేపు అట్లాగే నిలబడ్డారు. నేను వెళ్లి డ్రమ్ములకు మేత వేసి వచ్చాను.

నిరుడు మేం చందనవెల్లి వైపు పెద్ద షెడ్డులోకి మారాం. ఇక్కడ అన్నీ మూసి ఉన్న ట్యాంకులే, గొట్టాలే. వాసన బయటికి రాదు. పక్క ఫ్యాక్టరీల వాళ్లకు మేం ఏం చేస్తామో కూడా తెలియదు. సూక్ష్మజీవులు మాత్రం ఆ పాత డ్రమ్ముల్లోని సంతానమే. మారే రోజున వేడి తగ్గకుండా వాటిని అదే ఫ్లాస్కులో నింపి, కంబళ్లలో చుట్టి, వ్యానులో నా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

మొన్న సర్పంచ్ సాబ్ ఫోన్ చేశాడు. మేం ఖాళీ చేసిన షెడ్డును పుట్టగొడుగులు పెంచేవాళ్లకు ఇచ్చాడట. వాళ్లు గడ్డి నానబెడుతున్నారట. ఆ వాసన అస్సలు భరించలేకపోతున్నానని, తలనొప్పి లేస్తోందని, నువ్వు చదువుకున్నదానివి కదా, వచ్చి వాళ్లతో ఒకసారి మాట్లాడమని అడిగాడు. నేను చాలా సానుభూతిగా విన్నాను. వాళ్లది మరీ అన్యాయమని, అట్లాంటి వాసన మధ్య మనుషులు ఎట్లా ఉంటారని అన్నాను. ఆయన ముందు అవునవునన్నాడు. తర్వాత ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఫోన్ పక్కనే ఉన్నట్టుంది, పెద్దమ్మ నవ్వు కూడా వినిపించింది.